పేరున్న మొహం కనపడిందా, వాడే హంతకుడు! (ఇన్‌స్పెక్టర్ మోర్స్ కాస్టింగ్ మీద నా గోడు)

స్లౌ_సుబ్బారావు
ఇన్‌స్పెక్టర్ మోర్స్ చూస్తున్నాం, నేనూ మా ఆవిడా. అదేనండీ, ఆక్స్‌ఫర్డ్‌లో హత్యకేసులు తేల్చే ఇంగ్లీషు పోలీసు సీరియల్. శనివారం ఒకటి, ఆదివారం ఒకటి. ప్రకటనలతో కలిపి ఒక్కోటి రెండు గంటలు. నేను బుద్ధిగా క్లూలు ఏరుకుంటూ కూర్చుంటానా, పదో నిమిషంలో మా ఆవిడ పల్లీలు నములుతూ "అదిగో, ఆ పిల్లికళ్ళాయన. ఆయనే చంపింది" అంటుంది. ఎలా తెలుసే అంటే "ఆయన్ని ఇంకెక్కడో చూశాను. ఊరికే పెట్టుకోరుగా" అంటుంది. అంతే లాజిక్కు. ఇప్పటికి పదకొండు చూశాం, ఏడు కరెక్టుగా చెప్పింది. నావి రెండు.

అంత కష్టపడి కథ అల్లుకుని, తీరా కాస్టింగ్ దగ్గర గుట్టు విప్పేస్తే ఎలాగండీ? పేరున్న నటుణ్ణి తెచ్చి పక్కింటాయన వేషం ఇస్తే ఎవరికైనా అనుమానం రాదా? అందరినీ కొత్తవాళ్ళనే పెట్టుకోవచ్చుగా. మీ ఇళ్ళల్లోనూ ఇదే గొడవా?

అమలాపురం_ఆవకాయ
ఆయ్, మీ ఆవిడగారిని సీఐడీలో చేర్పించేయండి. మీరు పల్లీలు వేయించండి.

గౌలిగూడ_గోపి
గిది మన సిన్మాలల్ల లేదా అన్నా? రాజనాల ఇట్ల తెర మీదికి రాంగనే మా తాత "అగో, వచ్చిండు దొంగ" అనెటోడట. ఆయన మీసం మీద చెయ్యేసే దాంక సుత ఆగకపోయేది. గుమ్మడి వస్తె "పాపం పెద్దమనిషి" అనెటోడు. కథతోని పనే లేకుండె.

రాత్రి_డ్యూటీ
మా వార్డులో అర్ధరాత్రి దాటాక డే రూములో టీవీలో ఇవే పాత ఎపిసోడ్లు తిరుగుతుంటాయి. పేషెంట్లు కూడా ఇంతే, కథ చూడరు. "ఓహ్, దట్స్ సో అండ్ సో" అని పేర్లు వెతుక్కుంటారు. ఒక ముసలావిడ మందు మింగడం కూడా ఆపేసి అరగంట ఆలోచించింది, ఆ బిషప్పు వేషం వేసినతను ఎవరా అని. తెల్లారి నా డ్యూటీ అయిపోయి కోటు వేసుకుంటుంటే పిలిచి మరీ చెప్పింది.

పాతబడ్డ_వీసీఆర్
@స్లౌ_సుబ్బారావు, మీరు 2020ల్లో కూర్చుని చూస్తున్నారు. అక్కడే వచ్చింది తిరకాసు.

నేను 1987 జనవరిలో మొదటి ఎపిసోడ్ 'ది డెడ్ ఆఫ్ జెరికో' వచ్చిన రాత్రే చూశాను. అప్పటికి ఇక్కడ ఇంగ్లండులో చిన్న డాక్టర్ని. డాక్టర్స్ మెస్సులో ఒకటే టీవీ, ఆరుగురం. మోర్స్ వేషం వేసింది జాన్ థా. మాకు జాన్ థా అంటే 'ది స్వీనీ' సీరియల్‌లో రీగన్. 1975 నుంచి 78 దాకా కార్లలో తరుముతూ, గోడకేసి గుద్దుతూ, అరుస్తూ కనిపించిన పోలీసు. అదే మనిషి ఇక్కడ తెల్లజుట్టుతో కోరస్‌లో పాట పాడుతున్నాడు, క్రాస్‌వర్డ్ నింపుతున్నాడు. శవాన్ని చూస్తే మొహం తిప్పుకుంటున్నాడు. మాతో ఉన్న ఐరిష్ కుర్రాడు "ఎప్పుడు గుద్దుతాడు, ఎప్పుడు గుద్దుతాడు" అని రెండు గంటలూ ఎదురుచూసి నిద్రపోయాడు. ఆ సీరియల్‌లో అసలు కాస్టింగ్ సాహసం అదీ.

అదే ఎపిసోడ్‌లో పక్కింటాయన వేషం ప్యాట్రిక్ ట్రౌటన్‌ది. 1966 నుంచి 69 దాకా 'డాక్టర్ హూ' టీవీ సీరియల్‌లో ఆ డాక్టర్ ఆయనే, ఈ దేశంలో పిల్లలందరికీ తెలిసిన మొహం. ఆయన కనపడగానే మేమందరం నిటారుగా కూర్చున్నాం. మీ ఆవిడగారి సూత్రం ప్రకారం ఆయనే చంపి ఉండాలి. చంపలేదు. ఇంతకన్నా చెప్పను. ఆ మార్చిలోనే ఆయన పోయారు.

స్లౌ_సుబ్బారావు
@పాతబడ్డ_వీసీఆర్, ఆ ఎపిసోడ్‌కి మా ఆవిడ తప్పే చెప్పింది, నిజమే. కాకపోతే ట్రౌటన్ ఎవరో ఆవిడకి తెలీదు. "గొంతు బాగుందే" అని వదిలేసింది.

రాత్రి_డ్యూటీ
అదే కదా పాయింటు. 'అబ్సల్యూట్ కన్విక్షన్'లో ఖైదీగా షాన్ బీన్ ఉంటాడు. మనకిప్పుడు 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లో నెడ్ స్టార్క్. 1992లో ఆయన ఇంకా ఎక్కివస్తున్న నటుడే. 'లాస్ట్ సీన్ వేరింగ్'లో స్కూలు యూనిఫాంలో ఎలిజబెత్ హర్లీ, 1988. అప్పుడు ఆ పేరు ఎవరికీ తెలీదు. 'ట్విలైట్ ఆఫ్ ది గాడ్స్'లో చిన్న వేషంలో రేచెల్ వైజ్, 1993. అప్పటికి ఆ అమ్మాయి యూనివర్సిటీ నుంచి కొత్తగా బయటికొచ్చింది. వీళ్ళని తీసుకున్నప్పుడు వీళ్ళే కొత్త మొహాలు. మీరడిగిన కొత్తవాళ్ళు వీళ్ళే సుబ్బారావుగారూ! తర్వాత పెద్దవాళ్ళయితే తప్పు మోర్స్‌దా?

సీమ_సిద్ధప్ప
బాగా చెప్పినావ్ మేడమ్. పెండ్లికి ముందు ఫోటో జూసి "అప్పుడే తెలుసు ఈయప్ప కలెక్టరైతాడని" అన్నెట్లుంది ఈళ్ళ కథ.

కృష్ణానగర్_కోఆర్డినేటర్
ఈ కాస్టింగ్ పనిలో పదిహేనేళ్ళుగా ఉన్నా కాబట్టి ఒక మాట. మర్డర్ కథకి కాస్టింగ్ చేయడం మామూలు కథకి చేసినట్టు కాదు. అనుమానితులు అయిదారుగురు ఉంటారు. వాళ్ళందరూ సమానమైన బరువున్న నటులై ఉండాలి. ఒక్కణ్ణి గట్టివాణ్ణి పెట్టి మిగతా నలుగురినీ ఖర్చు తగ్గిద్దామని నింపేశారనుకో, సుబ్బారావుగారి ఆవిడ గెలుస్తుంది. మనదగ్గర జరిగేది అదే. నేను మోర్స్ చూసింది మూడు నాలుగే గానీ, అందులో నాకు నచ్చింది ఇదే. వంటమనిషి కూడా గట్టిదే, కాలేజీ గేటు కాపలావాడూ గట్టివాడే. ఎవర్నని అనుమానిస్తావు?

దానికి కారణం వాళ్ళ నాటకరంగం. పొద్దున రిహార్సలు, రాత్రి లండన్‌లో నాటకం, మధ్యలో రెండు రోజులు ఖాళీ దొరికితే టీవీ వేషం. పెద్ద స్టేజీ నటుడు మూడు సీన్లకి రావడం వాళ్ళకి నామోషీ కాదు. మన దగ్గర పేరున్నాయన్ని మూడు సీన్లకి అడిగి చూడు, ఫోన్ పెట్టేస్తాడు. లేదంటే నాలుగో సీను ఆయనే రాసుకొస్తాడు.

పాతబడ్డ_వీసీఆర్
@కృష్ణానగర్_కోఆర్డినేటర్, నూటికి నూరుపాళ్ళు. రాత్రి_డ్యూటీ చెప్పిన ఆ 'ట్విలైట్ ఆఫ్ ది గాడ్స్'లోనే సర్ జాన్ గీల్‌గుడ్ యూనివర్సిటీ ఛాన్సలర్‌గా వస్తాడు. అప్పటికి ఆయనకి ఎనభై ఎనిమిదేళ్ళు. హామ్లెట్ అంటే ఆయన పేరు చెప్పుకున్న మనిషి. వచ్చి, నాలుగు చురకలు వేసి, వెళ్ళిపోతాడు. చంపడు, చావడు. ఆయన డైలాగు చెబుతుంటే పక్కనున్న నటుల మొహాలు చూడండి, నటన మానేసి వింటున్నట్టు ఉంటాయి.

అమలాపురం_ఆవకాయ
ఎనభై ఎనిమిదేళ్ళప్పుడు మా తాతగారు కూడా నాలుగు చురకలేసి వెళ్ళిపోయేవారండి. రోజూ. ఎవరూ షూటింగ్ చేయలేదు.

పజిల్_పార్వతి
అందరూ వారానికొకరు వచ్చి వెళ్ళే చుట్టాల గురించే మాట్లాడుతున్నారు. ఇంట్లో ఉండేవాళ్ళ సంగతి? నన్నడిగితే మొత్తం 33 ఎపిసోడ్లలో అన్నిటికన్నా మంచి కాస్టింగ్ మోర్స్ వెంట ఉండే సార్జెంటు లూయిస్‌ది.

ఈ సీరియల్‌కి మూలమైన కాలిన్ డెక్స్టర్ నవలలు చదివినవాళ్ళకి తెలుస్తుంది. పుస్తకాల్లో లూయిస్ మోర్స్ కన్నా పెద్దవాడు, వేల్స్ మనిషి. అలాగే తీసి ఉంటే ఇద్దరు ముసలివాళ్ళు కారులో కూర్చుని బీరు గురించి మాట్లాడుకోవడం తప్ప ఏముండేది? టీవీవాళ్ళు తెగించి కెవిన్ వేట్లీని తెచ్చారు. ఉత్తర ఇంగ్లండు యాస, పిల్లలున్న కుర్ర సార్జెంటు, జీతం చాలని సంసారం. అంతకుముందు 'ఔఫ్ వీడర్సేన్, పెట్'లో అమాయకుడు నెవిల్‌గా జనానికి తెలిసినవాడే. ఒక్కసారిగా కథకి ఇంకో తలుపు తెరుచుకుంది. ఒకడు ఆక్స్‌ఫర్డ్‌లో చదివి డిగ్రీ పూర్తి చేయలేక లోపల కుమిలేవాడు, ఇంకొకడు ఆ కాలేజీ గోడల్ని చూసి ఏమాత్రం జంకనివాడు. డెక్స్టర్ ఎంత పెద్దమనసు చూపించాడంటే తర్వాతి పుస్తకాల్లో తన లూయిస్‌నే టీవీ లూయిస్‌లా మార్చుకున్నాడు. కారు కూడా అంతే. మొదటి పుస్తకాల్లో లాన్సియా, టీవీలో ఎర్ర జాగ్వార్ వచ్చాక పుస్తకాల్లోనూ జాగ్వారే.

గౌలిగూడ_గోపి
లూయిస్ అంటె నాకైతె జాలే అక్కా. పొద్దుమూకులు తిట్లు తినుడు, కారు నడుపుడు, మీదికెల్లి బీరు బిల్లు కట్టుడు. తాగేటోడు ఒకడు, పైసలిచ్చేటోడు ఒకడు. తను మాత్రం ఆరెంజ్ జ్యూస్ తాగుతడు. గిసొంటి దోస్తు నాక్కూడ ఒకడు కావాలె.

పజిల్_పార్వతి
@గౌలిగూడ_గోపి, తిట్లు తింటాడు, నిజమే. అయితే మోర్స్ తప్పు దారిలో పరిగెడుతున్నప్పుడు లూయిస్ మొహం చూడండి. "సార్" అని ఊరుకుంటాడు. ఆ "సార్" పది రకాలు. సరే సార్, అలాగా సార్, మీకు పిచ్చెక్కింది సార్, ఇంటికెళ్ళి అన్నం తినాలి సార్.

రాత్రి_డ్యూటీ
"అలాగా సార్" నేను మా కన్సల్టెంటు మీద రోజూ వాడుతున్నాను :)

పాతబడ్డ_వీసీఆర్
లూయిస్ విలువ తెలియాలంటే అతను లేని ఎపిసోడ్ చూడాలి. 'ది వెంచ్ ఈజ్ డెడ్', 1998. మోర్స్ ఆస్పత్రి మంచం మీద పడుకుని 1859 నాటి కాలువ హత్యకేసు తవ్వుతుంటాడు. వేట్లీ లేడు. బదులుగా ఒక చదువుకున్న కుర్ర కానిస్టేబుల్ని ఇచ్చారు. పాపం ఆ అబ్బాయి బాగానే చేశాడు, తప్పు పట్టలేం. అయినా మోర్స్ జోకు వేస్తే పడే చోటు లేదు. గోడకేసి బంతి కొడితే వెనక్కి రానట్టు.

సీమ_సిద్ధప్ప
నేను మాత్రం స్వీనీ పార్టీనే. ఈ ఆక్స్‌ఫర్డ్‌లో వారానికో ప్రొఫెసరు సస్తాంటే పిల్లోళ్ళకి సదువు జెప్పేది ఎవురు? స్వీనీలో జూడు, పదిరోజుల్లో ఒక ఎపిసోడు తీసేస్తాండ్రి, వీధుల్లోనే, చిన్న కెమెరాతో. రీగన్, కార్టర్, పైన ఆఫీసులో ఫైళ్ళు బట్టుకోని ఏడ్చే హాస్కిన్స్. గార్ఫీల్డ్ మోర్గాన్ ఆ హాస్కిన్స్. మా ఆఫీసులో మేనేజర్ని జూస్తే ఆయప్పే గుర్తొస్తాడు.

స్లౌ_సుబ్బారావు
@సీమ_సిద్ధప్ప, స్వీనీలో మోర్కంబ్, వైజ్ అని కామెడీ జంట వచ్చిన ఎపిసోడ్ ఉందట కదా, 1978లో. వాళ్ళనీ అనుమానించాలా?

సీమ_సిద్ధప్ప
వాళ్ళు వాళ్ళ పేర్లతోనే వస్తారన్నా. అనుమానిస్తే నిన్ను దేశం నుంచి పంపేస్తారు.

కృష్ణానగర్_కోఆర్డినేటర్
పై ఆఫీసర్ వేషం అన్నారు కాబట్టి. బయటివాళ్ళు తేలిక అనుకుంటారు. కుర్చీలో కూర్చుని "నలభై ఎనిమిది గంటల్లో హంతకుడు నా ముందు ఉండాలి" అనడమే కదా అని. ఎపిసోడ్‌కి రెండు మూడు సీన్లు. ఒకటి రెండు రోజుల కాల్‌షీట్. ఆ కాస్త సమయంలో "వీళ్ళిద్దరూ ముప్ఫై ఏళ్ళుగా ఎరిగున్నవాళ్ళు" అని చూసేవాడికి అనిపించాలి. డైలాగుతో అనిపించదు అది.

నా అనుభవం ఒకటి. ఒక పోలీసు సీరియల్‌కి నేను జూనియర్ ఆర్టిస్టుల్ని పంపేవాణ్ణి. ఇన్‌స్పెక్టర్ వెనక ఒక కానిస్టేబుల్ నిలబడాలి, మాట లేదు. నేను రోజూ ఒకే మనిషిని పంపుతానన్నా. ప్రొడక్షన్‌వాళ్ళు "ఎవడైతే ఏంటి, టోపీ పెడితే అందరూ ఒకటే" అని ఎవరు దొరికితే వాళ్ళని నిలబెట్టారు. ఒకే సీను, రెండు రోజుల షూటింగు. ఇన్‌స్పెక్టర్ తలుపు తీసేటప్పుడు వెనక బక్కోడు. లోపలికి అడుగుపెట్టేసరికి వెనక లావుపాటోడు. ఎడిటింగ్‌లో చూసి డైరెక్టర్ తలపట్టుకున్నాడు. తిట్లు ఎవరికి? నాకే. అప్పటినుంచి ఏ పోలీసు సీరియల్ చూసినా నా కళ్ళు వెనక నిలబడ్డవాడి మీదే.

గౌలిగూడ_గోపి
తలుపు దాటంగనే లావయ్యిండా? లోపల బిర్యానీ ఉండె కావచ్చు.

పజిల్_పార్వతి
@కృష్ణానగర్_కోఆర్డినేటర్, మీరు చెప్పిన ఆ ముప్ఫై ఏళ్ళ పరిచయానికి జేమ్స్ గ్రౌట్‌ని చూడాలి. చీఫ్ సూపరింటెండెంట్ స్ట్రేంజ్. భారీ మనిషి, గొణుగుడు. మోర్స్‌ని మందలిస్తున్నప్పుడు కూడా వీడు నాకన్నా తెలివైనవాడు, కానీ నా కుర్చీలోకి రాలేడు అన్న ఎరుక ఆయన మొహంలో ఉంటుంది. అందులో గర్వం కొంత, జాలి కొంత.

ఆఖరి ఎపిసోడ్ 'ది రిమోర్స్‌ఫుల్ డే', 2000 నవంబరు. (చూడనివాళ్ళు ఈ పేరా దాటేయండి.) మోర్స్ ఎక్సెటర్ కాలేజీ పచ్చిక మీద పడిపోతాడు. ఆస్పత్రిలో చివరి మాట ఎవరితో అంటాడు? ప్రేమించినవాళ్ళతో కాదు, లూయిస్‌తోనూ కాదు. స్ట్రేంజ్‌తో. లూయిస్‌కి నా తరఫున థాంక్స్ చెప్పండి అని. పదమూడేళ్ళు థాంక్స్ అనకుండా తిప్పుకున్న మనిషి, చివరికి దాన్నీ ఇంకొకరి చేతికిచ్చి పంపాడు. తర్వాత శవాగారంలో లూయిస్ ఒంగి నుదుటి మీద ముద్దు పెట్టుకుంటాడు. మళ్ళీ "సార్" అంటాడు. అది పదకొండో రకం.

రాత్రి_డ్యూటీ
డ్యూటీలో చదువుతున్నా. కళ్ళు తుడుచుకుంటుంటే పేషెంటు "ఎవరు పోయారమ్మా" అని అడుగుతోంది.

మోడరేటర్
కథ ముగింపులు చెప్పేటప్పుడు పార్వతిగారిలాగే ముందు హెచ్చరించండి. ఇప్పటికే రెండు ఫిర్యాదులొచ్చాయి.

అమలాపురం_ఆవకాయ
పాతికేళ్ళ కిందటి ఎపిసోడ్‌కి ఫిర్యాదా అండీ? రేపు రామాయణంలో రావణుడు పోతాడని చెబితే కూడా పెడతారు.

పాతబడ్డ_వీసీఆర్
డాక్టర్ని కాబట్టి నా బాధ ఒకటి చెప్పుకుంటాను. పోస్టుమార్టం చేసే మాక్స్‌ని ఎందుకు పోగొట్టుకున్నారో నాకింకా మింగుడుపడదు. పీటర్ వుడ్‌థోర్ప్. 1955లో లండన్‌లో 'వెయిటింగ్ ఫర్ గోడో' నాటకం మొదటిసారి ఇంగ్లీషులో వేసినప్పుడు ఎస్ట్రగాన్ వేషం కట్టింది ఈయనే. అంత చరిత్ర ఉన్నాయన, రబ్బరు తొడుగులు వేసుకుని శవం పక్కన నిలబడి మోర్స్‌ని ఆటపట్టిస్తుంటే ఆ రెండు నిమిషాల కోసమే చూసేవాణ్ణి. రెండు సిరీస్‌ల తర్వాత మాయం. మూడో సిరీస్‌లో డాక్టర్ గ్రేలింగ్ రసెల్ వచ్చింది, అమాండా హిల్‌వుడ్. ఆవిడకీ మోర్స్‌కీ మధ్య ఏదో మొదలవుతుందనుకునేలోపు ఆవిడా లేదు.

రాత్రి_డ్యూటీ
@పాతబడ్డ_వీసీఆర్, ఆ తర్వాత వచ్చిన క్లేర్ హోల్మన్‌ని మర్చిపోయారు! డాక్టర్ లారా హాబ్సన్‌గా 1995లో వచ్చింది. మోర్స్ అయిపోయాక 'లూయిస్' సీరియల్ 2006లో మొదలైతే అందులోనూ ఆవిడే, 2015 దాకా. శవం దగ్గర "చనిపోయి ఎనిమిది గంటలైంది" అని చెప్పే వేషం ఇరవై ఏళ్ళు నిలబడి చివరికి లూయిస్ జీవితంలోకే వచ్చింది. చిన్న వేషం ఎలా పెంచుకోవాలో ఆవిడ దగ్గర నేర్చుకోవాలి.

పాతబడ్డ_వీసీఆర్
ఒప్పుకున్నాను. ఆవిడ గొప్పదే. అయినా మాక్స్ మాక్సే. తర్వాత మోర్స్ కుర్రతనం కథగా వచ్చిన 'ఎండెవర్'లో కుర్ర మాక్స్‌గా జేమ్స్ బ్రాడ్‌షా చేశాడు చూడండి, వుడ్‌థోర్ప్ మాట విరుపు పట్టుకున్నాడు గానీ మిమిక్రీ చేయలేదు. అదొక్కటే నాకు ఊరట.

పజిల్_పార్వతి
కాస్టింగ్‌లో ఒక సరదా సంగతి. 'మేసనిక్ మిస్టరీస్', 1990. డానీ బాయిల్ డైరెక్షన్, అప్పటికి సినిమాలు మొదలెట్టలేదు. అందులో మోర్స్ మనసుపడ్డ బెరిల్ అనే ఆవిడ వేషం వేసింది మడలైన్ న్యూటన్. నిజ జీవితంలో కెవిన్ వేట్లీ భార్య. అంటే మోర్స్ ఇష్టపడింది లూయిస్ ఇంటావిడనన్నమాట.

గౌలిగూడ_గోపి
బీరు బిల్లు సాల్లేదా ఆయనకి 😂

అమలాపురం_ఆవకాయ
అందుకేనండి లూయిస్ "సార్" అనడంలో అంత బరువు.

స్లౌ_సుబ్బారావు
ఆ ఎపిసోడ్ మేం చూశాం! అందులో విలన్‌ని మా ఆవిడ క్షణంలో పట్టేసింది. "స్టార్ వార్స్ చక్రవర్తి" అంది. ఇయన్ మెక్‌డయార్మిడ్. ఇంకేం అనుమానం?

మోడరేటర్
సుబ్బారావుగారూ. హెచ్చరిక.

స్లౌ_సుబ్బారావు
క్షమించాలి. చేయి జారిపోయింది.

పజిల్_పార్వతి
@స్లౌ_సుబ్బారావు, ఆ కేసు కూడా వీసీఆర్‌గారి వాదనకే బలం. 1983లో 'రిటర్న్ ఆఫ్ ది జెడై'లో ఆయన మొహం మీద అంత మందాన మేకప్. 1990లో టీవీ ముందు కూర్చున్నవాడు గుర్తుపట్టే అవకాశమే తక్కువ. మేకప్ లేని మొహం లోకానికి తెలిసింది 1999లో కొత్త స్టార్ వార్స్ వచ్చాక. మీ ఆవిడ తెలివితో గెలవడం లేదు, భవిష్యత్తు నుంచి వచ్చి గెలుస్తోంది.

ఇంకోటి. హంతకుణ్ణి బయటపెట్టేది కాస్టింగ్ ఒక్కటే అనుకోకండి. సంగీతం కూడా. బ్యారింగ్టన్ ఫెలోంగ్ టైటిల్ సంగీతంలో మోర్స్ కోడ్‌లో (పాత టెలిగ్రాఫ్ చుక్కా గీతల భాషలో) 'మోర్స్' అని వినిపిస్తుంది, అది అందరికీ తెలుసు. కొన్ని ఎపిసోడ్లలో హంతకుడి పేరు కూడా అలా దాచేవాడు. కొన్నిసార్లు కావాలనే తప్పు పేరు.

రాత్రి_డ్యూటీ
తప్పు పేరా! ఎంత దుర్మార్గం. నాకు భలే నచ్చింది.

బ్రూక్స్_బ్యాచిలర్
నేను ఆక్స్‌ఫర్డ్‌లో మాస్టర్స్ చేస్తున్నప్పుడు 'ఎండెవర్' షూటింగ్ చూశా. రాడ్‌క్లిఫ్ స్క్వేర్ పక్క సందు. రోడ్డు మీద పసుపు గీతలు కప్పేశారు, 1960ల నాటి కార్లు వరసగా పెట్టారు. హీరో షాన్ ఎవాన్స్ ఎక్కడో గొడుగు కింద ఉన్నాడు, నాకు కనపడలేదు. నేను చూసిందల్లా ఒక జూనియర్ ఆర్టిస్టుని. నల్ల గౌను, పుస్తకాలు, సైకిలు. సందు ఈ చివరనుంచి ఆ చివరకి నడవాలి, అంతే. తొమ్మిదిసార్లు నడిచాడు. ప్రతిసారీ సైకిల్ అదే రాయి దగ్గర కాస్త ఎత్తి దించేవాడు. మధ్యలో గౌను జేబులోంచి వెండి కాగితం చుట్టిన శాండ్‌విచ్ తీసి ఒక కొరుకు కొరికి మళ్ళీ జేబులో పెట్టేవాడు. తర్వాత ఆ ఎపిసోడ్ ఆత్రంగా చూస్తే ఆ సీను రెండు సెకన్లు. మనిషి వీపు మాత్రమే కనపడింది. రాయి దగ్గర సైకిల్ ఎత్తాడు.

కృష్ణానగర్_కోఆర్డినేటర్
@బ్రూక్స్_బ్యాచిలర్, ఈ మనిషి అడ్రసు దొరికితే చెప్పు తమ్ముడూ, కానిస్టేబుల్ వేషం ఇప్పిస్తా.

పాతబడ్డ_వీసీఆర్
'ఎండెవర్' మొదటి కథ, 2012. చివర్లో పై ఆఫీసర్ థర్స్‌డే అడుగుతాడు, ఇరవై ఏళ్ళ తర్వాత ఎక్కడుంటావ్ అని. కుర్ర మోర్స్ కారు అద్దంలోకి చూస్తాడు. అద్దంలో కనిపించేవి జాన్ థా కళ్ళు. ఆయన పోయి అప్పటికి పదేళ్ళు, 2002లో పోయారు. నేను, ఇంటిదీ ఒక్కమాట మాట్లాడుకోలేదు ఆ రాత్రి. అందులోనే పత్రికా సంపాదకురాలి వేషం వేసిన అబిగెయిల్ థా ఆయన సొంత కూతురు. మనం ఇంతకుముందు కలిశామా అని కుర్ర మోర్స్‌ని అడుగుతుంది.

గౌలిగూడ_గోపి
ఇగ దీన్ని మించిన కాస్టింగ్ ఏముంటది సారూ. ఒళ్ళు జల్లుమన్నది.

సీమ_సిద్ధప్ప
థర్స్‌డే అంటే రోజర్ అల్లం గదా. గొంతు ఇంటే సాలు. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లో గూడా ఉంటాడు. ఆంటన్ లెసర్ గూడా. సుబ్బారావన్నా, ఈ లెక్కన మా వదినమ్మకి పోలీస్ స్టేషన్ మొత్తం మీద అనుమానం రావాల.

స్లౌ_సుబ్బారావు
వస్తుంది. అందుకే 'ఎండెవర్' ఇంకా మొదలుపెట్టలేదు.

పాతబడ్డ_వీసీఆర్
ఈ దేశంలో పోలీసు నాటకాలకి కాస్టింగ్‌లో తర్కం ఎప్పుడూ లేదు లెండి. 'డిక్సన్ ఆఫ్ డాక్ గ్రీన్' అని పాతది. ఆ డిక్సన్ 1950లో 'ది బ్లూ ల్యాంప్' సినిమాలో తుపాకి దెబ్బకి పోతాడు. జనానికి ఆ జాక్ వార్నర్ మొహం ఎంత నచ్చిందంటే 1955లో బీబీసీవాళ్ళు బతికించి సీరియల్ తీశారు. 1976 దాకా నడిచింది. ఆఖరుకి ఆ పోలీసాయనకి ఎనభై ఏళ్ళు.

అమలాపురం_ఆవకాయ
చచ్చి బతికి, ఎనభై దాకా ఉద్యోగం. రిటైర్మెంటు వయసు పెంచమని ధర్నా చేసే మా బాబాయికి ఇది చూపిస్తానండి.

పజిల్_పార్వతి
@స్లౌ_సుబ్బారావు, మీ ఆవిడకి ఒక పరీక్ష పెట్టండి. 1990లో వచ్చిన 'డ్రివెన్ టు డిస్ట్రాక్షన్' చూశారా? చూడకపోతే ఈ శనివారం అదే పెట్టండి. పందెం కాయండి. నేనేం చెప్పను. నటుల పేర్లు ముందు చూడొద్దు.

పాతబడ్డ_వీసీఆర్
ఓహో. పార్వతిగారూ, మీరు మామూలు మనిషి కాదు.

స్లౌ_సుబ్బారావు
సరే, పందెం వారం రోజుల అంట్లు. శనివారం రాత్రి వచ్చి రాస్తాను.

గౌలిగూడ_గోపి
ఆదివారం మబ్బుల అయితున్నది. అన్న రాలే. అంట్లు తోముతున్నడేమో.

స్లౌ_సుబ్బారావు
వచ్చాను. (మోడరేటర్‌గారూ, హెచ్చరిస్తున్నాను. ఈ ఎపిసోడ్ చూడనివాళ్ళు ఇక్కడ ఆగిపోండి.)

కార్ల షోరూము యజమాని తెరమీదికి వచ్చాడు. ప్యాట్రిక్ మలహైడ్. మా ఆవిడ పల్లీల గిన్నె కింద పెట్టేసింది. "'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లో ఇనుప దీవుల ముసలాయన! వీడే. పందెం రెట్టింపు" అంది. ఇక్కడ తమాషా ఏంటంటే మోర్స్ కూడా అదే అన్నాడు. వాడి మొహం నచ్చక, వాడే వాడే అని వెంటపడ్డాడు, అరెస్టు చేశాడు. లూయిస్ వద్దు సార్, వద్దు సార్ అంటూనే ఉన్నాడు. మా ఆవిడ లూయిస్‌ని తిట్టింది, "వీడికేం తెలుసు" అని.

వాడు కాదు!

మా ఆవిడ అరనిమిషం టీవీ వైపే చూసి, "మోసం ఇది. అలాంటి మొహాన్ని పెట్టి చంపించకపోవడం ఏంటి" అని లేచి పడుకోవడానికి వెళ్ళిపోయింది.

పజిల్_పార్వతి
మలహైడ్ అంటే అప్పటికే జనానికి నమ్మకూడని మొహం. 'మైండర్'లో, 'ది సింగింగ్ డిటెక్టివ్'లో చూసి ఉన్నారు. మోర్స్‌కి ఎలా అనిపించిందో చూసేవాడికీ అలాగే అనిపించాలని ఆయన్ని తెచ్చారు. కాస్టింగ్‌తో గుట్టు విప్పలేదు, ఉచ్చు బిగించారు.

కృష్ణానగర్_కోఆర్డినేటర్
ఇది నేను వాడుకుంటా. మా డైరెక్టర్ ఒప్పుకుంటే.

రాత్రి_డ్యూటీ
మరి పందెం గెలిచారుగా, రెండు వారాలు ఆవిడే కదా అంట్లు?

స్లౌ_సుబ్బారావు
రూలు మార్చింది. మోర్స్ అంతటివాడే తప్పు చెప్పాడు కాబట్టి ఇది లెక్కలోకి రాదట. స్పాంజి నా చేతిలోనే ఉంది.

అమలాపురం_ఆవకాయ
"సార్" అన్నారా లేదా?